అమావాస్య నాటి అప్‌డేట్

డైరెక్టర్ వంశీధర్‌రావు గారికి,

ఆసుపత్రి రికార్డులు పోవడానికి నా నిర్లక్ష్యమే కారణమని మెమో ఇచ్చారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో లోపముంది, సైబర్ దొంగలు దూరకముందే అప్‌డేట్ చేయాలి, సర్వర్‌ను గంటసేపు ఆపుతానని మీకు ముందే చెప్పాను.

"అమాస పూట, పూజ చేసిన మిషిన్ బంద్ పెడ్తవా? బ్యాకప్ ఉన్నది గద, ఫికరెందుకు?" అన్నారు మీరు. లోపం ఆ బ్యాకప్‌లోనే ఉందంటే వినలేదు.

దొంగలు అమావాస్య చూసుకోలేదు సార్. తెల్లారేసరికి బ్యాకప్‌తో సహా రికార్డులన్నిటికీ తాళం వేసి కూర్చున్నారు.

ఇప్పుడు మంచిర్యాల నుంచి రేడియేషన్ కోసం వచ్చిన తారాబాయి, "ఇంకెన్నిసార్లు కరెంట్ పెడ్తరు బిడ్డా?" అని నన్ను అడుగుతోంది. ఆమె రేడియేషన్ లెక్క ఆ తాళం పడ్డ రికార్డుల్లోనే ఉంది.

మెమోకు నా జవాబు ఇంతే. కొత్త సర్వర్‌కు అయ్యగారితో ముహూర్తం పెట్టించారట కదా, ఆమెకు జవాబు కూడా ఆ అయ్యగారినే చెప్పమనండి.

ఇట్లు,
మీ సర్వర్ గది ఉద్యోగి
కరీంనగర్