సైడ్‌వాల్‌కు వారంటీ రాదట

శనివారం, నాచారం

ఆ రోజు నా భార్య సుజాతకు ఆయాసం ఎక్కువై కారులో దవాఖానాకు బయలుదేరాము. ఉప్పల్ దాటకముందే టైరు పక్కభాగం చీలి పేలింది. ఆటో దొరికేలోపే ఆమె నా ఒళ్ళో పోయింది.

అంతకు ముందు వారమే అమ్మాయి కారు నేర్చుకుంటూ ఆ టైరును గేటు రాయికి రాసింది. తల్లి పోయినప్పటి నుంచి దానికి అన్నం సహించడం లేదు.

ఇవాళ టైరును డీలరుకు చూపించాను. కోతలో వేలు పెట్టి నవ్వాడు.

"సైడ్‌వాల్ తెగితే వారంటీ రాదన్నా. కంపెనీ తప్పు గాదు, రాయికి గీరిన్రు. గిట్ల నడిపేటోళ్ళకు తాళాలెందుకిచ్చిన్రు?"

నిజమే అన్నాను.

ఇంటికి రాగానే అమ్మాయి గేటు దగ్గరే అడిగింది. "ఏమన్నడు నాన్నా? నా వల్లనేనా?"

రేపు చెబుతాడట అన్నాను.

పొద్దున్నే కొత్త టైరు కొని బిగిస్తాను. లోపం టైరుదేనని ఒప్పుకుని కంపెనీ ఊరికే ఇచ్చిందని దానికి చెబుతాను.