నాన్న పడుకున్నారు

ఆగస్టు 9, ఆదివారం
మధ్యాహ్నం, వంటింటి గడప దగ్గర

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నువ్వు మాత్రం పూర్తిగా నమ్మనక్కర్లేదు. నీ ఒంట్లో, కడుపులో ఉన్న రెండోవాడి ఒంట్లో (రెండోదైతే దాని ఒంట్లో) బాగుందని తలుస్తాను. మీ అత్తగారికి నా నమస్కారాలు. బావకి కూడా. కాకపోతే ఈ ఉత్తరం ఆయన చేత చదివించుకోకు, ఆయన చదివితే వీధి వీధంతా వింటుంది.

ఫోను చెయ్యక ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నేను మాట్లాడితే ఆఁ, ఏమిటే, కాస్త గట్టిగా ఏడవ్వే అనడంతోనే నీకు సగం సేపు గడిచిపోతుంది. పైగా అమ్మ పక్కనే ఉంటుంది. ఇది అమ్మ వింటుండగా చెప్పేది కాదు.

డొంకతిరుగుడు ఎందుకు, అసలు సంగతి ముందే రాసేస్తాను. బావని పంపి నీ కూతుర్ని తీసుకెళ్ళిపో. డాక్టరు నిన్ను మంచం దిగొద్దన్నారని తెలుసు. పురుడయ్యే దాకా పిల్ల ఇక్కడుంటే నీకు ఊపిరి సలుపుతుందని పంపించారనీ తెలుసు. మీ అత్తగారు ఒక్కరే నిన్నూ ఇంటినీ చూసుకోలేక సతమతమవుతున్నారనీ తెలుసు. అన్నీ తెలిసే రాస్తున్నాను.

కంగారు పడకు. వేలికి చిన్న దెబ్బ తగిలింది, తగ్గిపోతోంది. అన్నం తింటోంది. అమ్మ దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోంది. వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నా భయమంతా అదే.

బావ దానికి మైకు అని ఊరికే పేరు పెట్టలేదని, దిగిన రోజే మా వీధికి తెలిసిపోయింది. ఆటో ఇంకా ఆగనే లేదు, తాతయ్యా నేనొచ్చేశా అని ఒక్క కేక పెట్టింది. ఎదురింటి దర్జీ మిషను ఆపి బయటికొచ్చి చూశాడు. మన గుమ్మంలో అలాంటి కేక ఎప్పుడు విన్నాడు కనక? దాని నోరు మూయడానికి నా చెయ్యి దానంతట అదే లేచింది. అమ్మ మాత్రం నవ్వుతూనే వచ్చింది. దాన్ని ఎత్తుకుని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నువ్వూ నేనూ నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలం. నాన్న అనే చోట తాతయ్య అంది, అంతే తేడా.

మనం పెరిగిన తీరు నేను ఎవరికి చెప్పినా నమ్మరక్కా. నాన్న ముప్ఫై ఏళ్ళు రాత్రి బస్సు నడిపారు. తెల్లారి వచ్చి, స్నానం చేసి, మధ్యగదిలో నడుం వాల్చారంటే సాయంత్రం దాకా మనకి కాళ్ళూ చేతులూ తప్ప గొంతులు లేవు. తలుపు తియ్యాలంటే కాస్త పైకెత్తి తియ్యాలి, లేకపోతే కిర్రుమంటుంది. గిన్నె దించితే కింద గుడ్డ ఉండాలి. అమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని పని చేసుకునేది. ఎవరో బహుమతిగా ఇచ్చిన కుక్కరు, విజిలు వేస్తుందన్న నేరానికి ఇప్పటికీ అటక మీదే శిక్ష అనుభవిస్తోంది. తుమ్ము వస్తే దిండులో తుమ్మాలి. నవ్వు వస్తే పెరట్లోకి పరుగెత్తాలి. నువ్వూ నేనూ పోట్లాడుకుంటే గిచ్చుకునేవాళ్ళం, రక్కుకునేవాళ్ళం, కానీ ఒక్క మాట పైకి వచ్చేది కాదు.

మీ నాన్న కునుకు మీద బస్సెడు ప్రాణాలున్నాయే అనేది అమ్మ. అబద్ధమేం కాదు. నాన్నతో పనిచేసే డ్రైవరు ఒకాయన తెల్లవారుజామున రెప్ప వాల్చి బస్సుని కాలవలోకి దించేశాడు. అమ్మ వాళ్ళింటికి పరామర్శకి వెళ్ళొచ్చింది. అక్కడ ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. వచ్చిన రోజే పాత చీర చింపి గిన్నెల కిందికి గుడ్డలు చేసింది. అమ్మని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

సాయంత్రం నాన్న డబ్బా పట్టుకుని గేటు దాటడం ఆలస్యం, మనకి బడి వదిలినట్టుండేది. రేడియో, మిక్సీ, నీ అరుపులు, నా ఏడుపులు, అన్నీ ఒక్కసారే. నాన్న ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టడం, వెళ్ళగానే వదలడం. అందరి ఇళ్ళల్లోనూ అంతేననుకున్నాం.

ఈ ఇంటి ఆడపిల్లలకి నోరు లేదండీ అని నీ సంబంధం మాట్లాడిన పెద్దమనిషి అదో ఆస్తి ఉన్నట్టు గొప్పగా చెప్పాడు. నువ్వు కాపురానికి వెళ్ళిన కొత్తలో చప్పుడు లేకుండా వెనక చేరి ఉప్పు డబ్బా ఎక్కడని అడిగితే, మీ అత్తగారు హడలిపోయి చేతిలో గిన్నె వదిలేశారట కదా. అమ్మాయ్, వచ్చేముందు కాస్త దగ్గి రామ్మా, నేనింకా కొన్నాళ్ళు బతకాలి అన్నారట. ఇప్పుడు నువ్వే మేడ మీద నుంచి పాలవాణ్ణి కేకేస్తున్నావని విన్నాను. అరిచేవాళ్ళ మధ్య పడి అరవడం నేర్చుకున్నావు. ఏళ్ళు పట్టింది, పట్టనీ.

నాకు అరిచేవాళ్ళు దొరకలేదు. హాస్టల్లో నా అడుగు వినపడదని పిల్లి అని పేరు పెట్టారు, అది ముద్దు పేరే అనుకుని ఊరుకున్నాను. మొన్న స్కూలు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పాఠం చెప్పి చూపించమన్నారు. నాకు తెలిసినంతలో గొంతు చించుకునే చెప్పాను. చివరి బెంచీలో కూర్చున్న హెడ్మిస్ట్రెస్, నీ పెదాలు చూసి తెలుసుకున్నానమ్మా పాఠమేమిటో అంది. పాపం, నవ్వుతూనే అంది. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. మనిషి చుట్టూ ఉన్నవాళ్ళని బట్టే తయారవుతాడని నేను మూడేళ్ళు చదివి, పరీక్షలో పేజీలకి పేజీలు రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. అది జరుగుతుండగా చూడడం మాత్రం ఇదే మొదటిసారి. పుస్తకంలో రాసినంత నింపాదిగా జరగదు అక్కా.

మొదట్లో దానికి అదో ఆట. చప్పుడు లేకుండా ఎవరు నడుస్తారో చూద్దామని నాతో పందెం కాసేది. గెలిస్తే అమ్మ బిస్కెట్టు ఇచ్చేది, నేను భేష్ అనేదాన్ని. తరవాత తలుపు ఎత్తి తియ్యడం వచ్చేసింది. అది ఎవరూ నేర్పలేదు, చూసి పట్టేసింది. ఆ పొట్టి చేతులతో తలుపుని పొదివి పట్టుకుని లేపుతుంటే అచ్చం నిన్ను చూసినట్టే ఉంది. ఆ తరవాత బొమ్మని పడుకోబెట్టి, మిగతా బొమ్మలన్నిటికీ వేలు చూపించి బెదిరించడం మొదలుపెట్టింది. ఇప్పుడు బిస్కెట్టు అడగదు, పందెమూ కాయదు. టీవీలో కోతి చెట్టు మీంచి పడితే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పాకుతూ నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"పిన్నీ, ఇప్పుడు నవ్వచ్చా?"

మొన్న బావ ఫోను చేస్తే దానికి ఇచ్చాను. ఆయన అడిగినవాటన్నిటికీ తల ఊపింది. ఫోనులో తల ఊపితే మీ నాన్నకెలా తెలుస్తుందే అంటే నాకూ తల ఊపింది. సిగ్నలు బాలేదని బావ పెట్టేశారు. సిగ్నలు బాగానే ఉందని ఆయనకి చెప్పు.

అయినా నీకు రాసేదాన్ని కాదేమో. గురువారం జరిగింది చూశాక రాయక తప్పలేదు.

మధ్యాహ్నం గాలి వేసింది. స్నానాల గది తలుపు విసురుగా కొట్టుకుంది. నేను వంటింట్లో ఉన్నాను. ఏదో పడిందనుకుని, నాన్న లేస్తారేమోనన్నదే ముందు నా బుర్రలోకి వచ్చింది. కాసేపటికి నా చున్నీ ఎవరో లాగారు. తిరిగి చూస్తే అది. నోరు ఇంత తెరిచి ఉంది, ముఖం కందిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. శబ్దం లేదు. కాస్తంత కూడా లేదక్కా, టీవీ గొంతు నొక్కేసి బొమ్మ ఒక్కటే వదిలేసినట్టుంది. వేలు తలుపు సందులో నలిగి గోరు నల్లబడిపోయింది.

అమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది, అది కూడా చప్పుడు కాకుండానే. దాన్ని ఒళ్ళోకి తీసుకుని వేలు ఊదుతూ, ఏడుస్తూ, నా వైపు చూసి గుసగుసగా అంది.

"చూశావా నా బంగారుతల్లి, తాతయ్య లేస్తాడని ఏడుపు ఎలా దిగమింగుకుందో."

అమ్మ కళ్ళలో బాధ ఉంది, నిజమే. దాని పక్కనే గర్వం కూడా ఉంది. నేను చూశాను, చూడలేదని నాకు నేను చెప్పుకోలేను.

వీధి చివర కాంపౌండరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను. ఆయన గోరు కింద గుచ్చి రక్తం తీశాడు. పెద్దవాళ్ళే కెవ్వుమంటారట దానికి. ఇది పళ్ళు బిగించి నా భుజం పట్టుకుంది. నొప్పి తెలీదా ఏమిటమ్మా ఈ పిల్లకి, చెవులు నోరు పనిచేస్తాయా అని అడిగాడాయన. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టి, ఇక్కడ తాతయ్య లేడమ్మా, ఎంతసేపైనా ఏడువు అన్నాను. గట్టిగానా అని అడిగింది. గట్టిగానే అన్నాను. నోరు తెరిచింది. ప్రయత్నించింది. దగ్గు లాంటిది వచ్చింది, అంతే. నా వంక చూసి, రావట్లేదు పిన్నీ అంది, తనేదో తప్పు చేసినట్టు.

ఆ సాయంత్రం నేను అమ్మతో పెట్టుకున్నాను. నాన్న రిటైరై రెండేళ్ళయింది, రాత్రి బస్సు లేదు, కాలవ లేదు, ఇంకా ఎవరి ప్రాణాల కోసం ఈ గుడ్డలు అని అడిగాను. నేను అడిగింది కూడా గుసగుసగానే, నవ్వకు. ఆయన పొద్దున కాఫీ తాగి మధ్యగదిలోకి వెళ్ళడం మానలేదు కదా, మనిషి పడుకుని ఉంటే ఎవరైనా గోల చేస్తారా అంది అమ్మ. ముప్ఫై ఏళ్ళ నిద్ర అలవాటు కాగితం మీద సంతకం పెట్టగానే పోతుందా అంది. మీరిద్దరూ ఎలా పెరిగారో అదీ అలాగే పెరుగుతుంది, మీకేం తక్కువైంది అంది. తక్కువైంది ఏమిటో చెప్పబోయాను. చెప్పేలోపు అమ్మ నుదురు ముడిచి మధ్యగది వైపు కళ్ళతో చూపించింది. నేను ఆగిపోయాను. ఇంత చదువు చదివి, ఇంత కోపం వచ్చి, ఒక్క చూపుకి ఆగిపోయాను.

అందుకే చెబుతున్నాను. నీకు నీ మంచం దగ్గర గోల చేసే పిల్ల ఉంటే కష్టమే. కానీ పురుడయ్యాక నీ దగ్గరికి వచ్చే పిల్ల, నువ్వు పంపిన పిల్ల అయ్యి ఉండదు. నీ నోరు నీకు రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో నీకు తెలుసు. దాన్ని వెంటనే మీ వాళ్ళ మధ్యకి తీసుకెళ్ళు. బావ అరవనీ, మీ అత్తగారు అరవనీ, పాలవాణ్ణి నువ్వు మంచం మీంచే కేకెయ్యి. నేను కావాలంటే వెంట వచ్చి మీ అత్తగారికి సాయంగా ఉంటాను. ఆవిడకి ముందే చెప్పు, దగ్గి వస్తానని.

కోపం వస్తే నా మీద పడు, అమ్మని ఏమీ అనకు. మనల్ని బతికించుకోవడానికి ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ చెల్లెలు

తా.క.: ఉత్తరం మడిచి కవరు కోసం మధ్యగదిలోకి వెళ్ళాను. అమ్మ పిల్లని తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్ళింది. తలుపు ఎత్తి తీశాను కాబట్టి నాన్నకి తెలియలేదు. ఆయన కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తున్నారు. నన్ను చూడగానే మూసుకున్నారు.

నేను కదలకుండా నిలబడి, నాన్నా అని పిలిచాను. కాసేపటికి కళ్ళు తెరిచారు. రిటైరైన దగ్గర్నుంచీ పగలు ఒక్క రోజూ నిద్ర పట్టలేదట. మరి ఎందుకు పడుకుంటున్నారు నాన్నా అన్నాను.

"మీరంతా అంత కష్టపడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంటే, మేలుకునే ఉన్నానని ఎలా చెప్పమంటావమ్మా?" అన్నారు.

డ్యూటీకి వెళ్ళే రోజుల్లో సందు మలుపులో చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగి, మన గోల కాసేపు విని వెళ్ళేవారట. తను లేనప్పుడే ఈ ఇల్లు బాగుంటుందని అప్పుడే అర్థమైందట. కోపంగా చెప్పలేదు. ఫలానా బస్సు ఫలానా వేళకి అన్నట్టు చెప్పారు.

గురువారం తలుపు కొట్టుకోవడం విన్నారట. పిల్లకేమైనా అయిందేమో, ఏడిస్తే లేచి వెళ్దామని మంచం మీద లేచి కూర్చున్నారట. ఏడుపు వినపడలేదు. ఏం కాలేదులే అనుకుని మళ్ళీ పడుకున్నారట. సాయంత్రం వేలికి కట్టు చూసి కూడా ఎవరినీ ఏమీ అడగలేదు.

నా చేతిలో ఉత్తరం చూసి ఎవరికని అడిగారు. చెప్పాను, అంతా చెప్పాను. మీరేమైనా రాయమంటారా అన్నాను. గోడ వైపు తిరిగి, దాన్ని తొందరగా తీసుకెళ్ళిపొమ్మని రాయి అన్నారు.