పాట ఇంకా దారిలోనే ఉంది

ఆరో నెల, 2

రాజు పోయాడు. క్యాంటీన్ స్పీకర్ చెప్పింది. ఎవరూ లేవలేదు. మేస్త్రి మాత్రం టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అదే మా సంతాపం.

ఇక కూతురు రాణి అవుతుందట. నా ఈడుదేనట. నేను వాల్వులు బిగిస్తాను, ఆవిడ లోకాలు ఏలుతుంది. ఏలుకోనీ. నాకు కావలసింది ఒక్కటే. మా అక్క.

ఆరో నెల, 3

అక్కను తీసుకుపోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. నాకు ఆరు. మంచు తప్ప ఇంకేమీ లేని ఈ చంద్రుడి మీద సింహాసనానికి పన్నుగా కట్టడానికి ఏముంటుంది? నీళ్ళు, గొంతులు. నీళ్ళు ట్యాంకర్ ఓడల్లో పోతాయి. బాగా పాడే పిల్లలు ఇంకో ఓడలో పోతారు. దర్బారు వాళ్ళు దానికి గాత్ర కానుక అని పేరు పెట్టారు. కానుకంటే ఇచ్చేవాళ్ళు నవ్వుతూ ఇవ్వాలి. ఆ రోజు మా అమ్మ ముఖం నాకింకా గుర్తుంది.

ఓడ తలుపు మూసుకునేదాకా అక్క పాడుతూనే ఉందట. అదేదో ఆటనుకుందట. దర్బారు బృందంలో ఉందని తప్ప తర్వాత ఏ కబురూ లేదు. వెళ్ళిన ఏ గొంతూ తిరిగి రాలేదు.

ఆరో నెల, 6

పట్టాభిషేకం ఇరవయ్యో తేదీన. రాణి పల్లవి పాడుతుంది. ఒక్కో లోకం వంతు ప్రకారం చరణం పాడి జవాబివ్వాలి. పాడితే ఏలికను ఒప్పుకున్నట్టు. పాడకపోతే తిరుగుబాటు, గాలి సిలిండర్ల ఓడ రాదు. ఆఖరి లోకం పాట ముగిసేదాకా రాణి నిలబడే ఉండాలి. అప్పటిదాకా కిరీటం పెట్టరు.

ఆఖరి లోకం మాదే. మా మాట అక్కడికి చేరడానికి ఒక పూట పడుతుంది. వాళ్ళ మాట ఇక్కడికి రావడానికి ఇంకో పూట.

క్యాంటీన్‌లో నా నోరు ఊరుకోలేదు. సరే పాడదాం, కానీ ఆపొద్దు, మన గొంతులు మనకు పంపేదాకా ఆవిడ కాళ్ళు పీకనీ అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఒసే టపాకాయా, నీ గొంతు వింటే రాణి నిలబడటం కాదు, పారిపోతుంది అన్నాడు మేస్త్రి. ఇంకా నవ్వారు. తర్వాత ఒక్కొక్కళ్ళే నవ్వడం ఆపేశారు. గిన్నెల్లో సూప్ చల్లారిపోయింది.

ఆరో నెల, 13

ఊరంతా ప్రాక్టీసు. షిఫ్టులు వేసుకున్నాం. ఒకళ్ళు ఊపిరి తీసుకునేలోపు ఇంకొకళ్ళు అందుకోవాలి. చరణాలు ఎవరికి తోచినవి వాళ్ళు కట్టొచ్చు. రెండు చరణాలకొకసారి మా గొంతులు మాకు పంపండి అని రావాలి. పాటను ముగించే పాదం ఒకటుంది. దాన్ని ఎవరూ నోట రానివ్వకూడదని మేస్త్రి అందరిచేతా ఒట్టు వేయించాడు. వాడి చెల్లెలూ దర్బారు బృందంలోనే ఉంది. పిచ్చి జోకులు వేస్తాడు గానీ, ఒట్టు దగ్గర ఒక్క జోకూ వేయలేదు.

అమ్మ మాత్రం లాండ్రీ నుంచి కదల్లేదు. ఎవర్నో నిలబెట్టి నువ్వు సాధించేదేమిటే అంది. నీకు కూతురు అక్కర్లేదా అన్నాను. తడి దుప్పటి నా మొహాన కొట్టింది.

ఆరో నెల, 20

రాణి పల్లవి వచ్చింది. గొంతు దండగ అని రాద్దామనుకున్నాను. అబద్ధమవుతుంది. సన్నగా, భయంభయంగా, చీకట్లో మెట్లు దిగే మనిషిలా పాడింది.

తర్వాత లోకాలు. ఒకటి గంటలతో జవాబిచ్చింది. ఒకటి ఒట్టి ఈలలతో. ఇంకొక చోట ఒక ముసలాయన ఒక్కడే పాడాడు, వెనక సముద్రం ఉంది. సముద్రం అలా చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. అన్నిటి కిందా ఒకే స్వరం ఆగకుండా మోగుతోంది, ఏదో వాయిద్యంలా. రెంచి చేతిలో పట్టుకుని పైపు మీద కూర్చుండిపోయాను. ఇంత అందమైనదాన్ని ఈ దొంగల చేతిలో ఎవరు పెట్టారు?

మా వంతు వచ్చింది. మేస్త్రి ఎత్తుకున్నాడు. అందుకున్నాం.

ఆరో నెల, 21

పాట ఆగలేదు. పంపుల గది నుంచి మంచు గనికి, గని నుంచి వంటింటికి పోతోంది, మళ్ళీ వస్తోంది. ట్యాంకులు కూడా పాడుతున్నట్టే ఉంది. గోడ మీద చెయ్యి పెడితే పాట తగులుతోంది. నడుస్తూ నిద్రపోయాను, నిద్రలో కూడా పాడానట. మేస్త్రి వాళ్ళ అత్తగారి మీద ఐదు చరణాలు కట్టాడు. నేను నా చిల్లు సాక్సుల మీద ఒకటి కట్టాను. బొటనవేలు బయటికొచ్చి రాణిగారిని చూస్తానంటుంది, అలా సాగుతుంది.

స్క్రీన్ మీద రాణి నిలబడే ఉంది. మంత్రులు అటూ ఇటూ పరుగులు. చూడటానికి హాయిగా ఉంది.

ఆరో నెల, 21, సాయంత్రం

అమ్మ సిగ్నల్ గదికి వచ్చింది. దర్బారు నుంచి మా పాటే మాకు తిరిగి వినబడుతోంది, కింద ఆ స్వరంతో. అమ్మ చాలాసేపు వింది. ఆ వాయిద్యం ఊపిరి తీసుకుంటోందే అంది. వాయిద్యానికి ఊపిరేమిటమ్మా అన్నాను. నోరు మూసుకుని విను, ఊపిరికి ముందు ముక్కు ఎగబీలుస్తోంది, పుట్టినప్పటినుంచీ మీ అక్కకదే అలవాటు అంది.

సిగ్నల్ మామ స్క్రీన్‌ని దర్బారు రెండో కెమెరాకు మార్చాడు. సింహాసనం వెనక బూడిదరంగు బట్టల్లో ఒక మనిషి. నిలబడి ఉంది. ఒక్కతే. పాట నడిచినంతసేపూ శ్రుతి పట్టే గొంతు మారకూడదట, పాత రాజు అభిషేకంలోనూ అంతేనట. మామ చిన్నప్పుడు చూశాడట. చెప్పడం మర్చిపోయాడట. మర్చిపోయాడట!

మనిషిని తంబురా చేశారు. మేము నిన్నటినుంచి దాన్ని వాయిస్తున్నాం.

పరుగెత్తుకెళ్ళి మేస్త్రికి చెప్పాను. ఇంకొక్క పూట ఆగవే తల్లీ, మంత్రులు మెత్తబడుతున్నారు, ఇప్పుడు ఆపితే మా చెల్లి ఇక రాదు అన్నాడు. నన్ను బతిమాలాడు. ఆ మనిషి బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ ఆపు అనలేదు. ఆపొద్దు అనలేదు. గొంతు పట్టుకుని నిలబడింది, తన గొంతు.

నా వంతు రాగానే మైకు తీసుకుని ముగింపు పాదం పాడేశాను.

ఆరో నెల, 22, పొద్దున

ఊళ్ళో చప్పుడు లేదు. ఎవరూ నాతో మాట్లాడటం లేదు. మా తలుపు మీద ఎవరో గ్రీజు పూశారు.

నేను ఆపేశాను. కానీ పంపిన పాట ఇంకా దారిలోనే ఉంది. స్క్రీన్ మీద మేము ఇంకా పాడుతూనే ఉన్నాం. అక్క ఇంకా శ్రుతి పడుతూనే ఉంది. నా సాక్సుల చరణం ఇప్పుడు దాని నెత్తి మీద పడుతోంది. స్క్రీన్‌ని తన్నాను. కాలికి దెబ్బ తగిలింది, అంతే.

ఆరో నెల, 22, మధ్యాహ్నం

అక్క గొంతు చీలింది. స్వరం తెగిపోయింది.

అంతా ఆగినట్టయింది. అప్పుడు రాణి వెనక్కి తిరిగింది. తిరగకూడదు. మంత్రి ఒకడు చేతులు అడ్డం పెట్టాడు. ఆవిడ వాణ్ణి తప్పించుకుని వెళ్ళి, అక్క భుజాలు పట్టుకుని సింహాసనం మీద కూర్చోబెట్టి, తానే ఆ స్వరం అందుకుంది. కొంచెం కిందికి పట్టింది. అక్క వేలితో పైకి చూపించింది. రాణి సర్దుకుంది.

అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. కాసేపు పట్టగానే నీకు తెలిసొచ్చింది రాణీ. అక్క ఎన్నేళ్ళు పట్టిందే, నీ అమ్మ కడుపు కాలా.

ఆరో నెల, 22, సాయంత్రం

నా గొంతులో ముగింపు పాదం అక్కడికి చేరింది. కిరీటం తెచ్చారు. రాణి చేత్తో ఆపింది. ముందు ఈ అమ్మాయికి నీళ్ళు ఇవ్వండి అంది, బొంగురు గొంతుతో. నీళ్ళు తాగించాక, గొంతులన్నీ ఇళ్ళకు వెళ్ళిపోతాయి, ఇక నా శ్రుతి నేనే పట్టుకుంటాను అంది.

తర్వాతే తల వంచింది.

ఆరో నెల, 24

పాట వల్లే గెలిచామని మేస్త్రి. ఆపడం వల్లే అని సిగ్నల్ మామ. క్యాంటీన్‌లో గిన్నెలు ఎగిరాయి. ఆపిన సంగతి చేరకముందే ఆవిడ వెనక్కి తిరిగింది కదరా అన్నాను. ఇద్దరూ నా మీద పడ్డారు.

రాణిని నేను క్షమించలేదు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఏడో నెల, 14

ఓడ వచ్చింది. మేస్త్రి చెల్లెలు ముందు దిగింది. వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకోలేదు, ఎక్కడో పారేసుకున్నాడు.

అక్క నాకంటే పొట్టిగా ఉంది. గొంతు గుసగుసగానే వస్తుంది, అంతే వస్తుందట ఇక. అమ్మను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, ఆ సాక్సుల చరణం ఎవరిది, నవ్వాపుకోలేక చచ్చాను అంది. నాదే అన్నాను. నెత్తి మీద ఒక్కటిచ్చింది.

ఏడో నెల, 15

అక్క నా మంచం మీద నిద్రపోతోంది. గురక పెడుతోంది. శ్రుతీ లేదు, తాళమూ లేదు. అమ్మ ఫ్యాను కట్టేసి వింటోంది.