ఐస్‌లో పంపిన తెల్లకణాలు

ఖుర్సీపార్, మే 1994, మంగళవారం రాత్రి

మధ్యాహ్నం బొంబాయి ల్యాబ్ నుంచి మా పత్రికాఫీసుకి ఫోన్ వచ్చింది. నా బావమరిది సూరిబాబుదీ, అతనికి కిడ్నీ ఇస్తానన్న వాళ్లన్న అప్పన్నదీ రక్తం పనికిరాలేదట. తెల్లకణాలు ప్రాణంతో చేరాలి. వాటిపైన గుర్తుల్లా ఉండే యాంటిజెన్లు కలిశాయో లేదో చూసి, ఇద్దరి కణాలనూ కలిపి పెంచి, ఒకరివి ఇంకొకరివాటిని పరాయివనుకుంటాయేమో తేల్చాలి. మేం పంపినవి దారిలోనే చచ్చిపోయాయి.

ఐస్‌లో పెట్టి పంపమన్నది నేనే. బ్లడ్‌బ్యాంకు మీద వార్త రాసినప్పుడు రక్తం ఫ్రిజ్‌లో ఉండడం చూశాను. ఇదీ రక్తమే కదా అనుకున్నాను. ఇరవై ఏళ్లలో ఇద్దరినైనా అడగకుండా ఒక్క వార్త రాయలేదు. దీనికి మాత్రం ఎవరినీ అడగలేదు.

సాయంత్రం సూరిబాబు డయాలసిస్ నుంచి రాగానే చెప్పాను. నవ్వాడు.

"ఫర్నేసు దగ్గిర పంజేసినోడి రగతం బావా, ఐసుకి ఆగుతాదేటి?"

అప్పన్న నవ్వలేదు. "మళ్లీ తీయించుకుంటాం. ఈపాలైనా సరిగ్గా కనుక్కుని సెప్పు," అన్నాడు.

వెంటనే బూత్‌కి వెళ్లి ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఐస్ వద్దు, మామూలు గది వేడిలో ఉంచి త్వరగా తెమ్మన్నారు. శుక్రవారం రైల్లో నేనే తీసుకెళ్తున్నాను. సూరిబాబు ఇంకెన్నాళ్లు ఆగగలడో డాక్టరు చెప్పడం లేదు.

భోజనమయ్యాక తట్టింది. మామూలు గది అంటే ఎంత వేడో నేను అడగలేదు. ఇక్కడ గోడ ముట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి చురుక్కుమంటోంది. రైలు పెట్టె ఇంతకంటే చల్లగా ఉండదు.

ఎస్టీడీ బూత్ మళ్లీ పొద్దున ఎనిమిదింటికి గానీ తెరవరు.