చెప్పుకు కట్టిన వలదారం

మావా, చేపలు అమ్మడానికి భోగాపురం వెళ్తున్నాను. పాదం వేలాడకుండా డాక్టరిచ్చిన ప్లాస్టిక్ తొడుగు పెట్టుకుని, దాని మీద బూటు వేసుకున్నాకే గడప దాటు. వల బాగుచేసేటప్పుడు బాసింపట్టు వేయకు. రోజంతా అలా కూర్చోబట్టే మోకాలి పక్క నరం నలిగిందన్నారు కదా. వలను కిటికీ చువ్వకు కట్టి, ఎదురుగా కుర్చీ వేశాను. మధ్యమధ్య పాదం పైకెత్తడానికి చూడు, లేవకపోయినా సరే.

నరం సంగతి తెలియక ముందు, చెప్పు జారిపోతోందని నువ్వంటే, "తాగీసి కాలీడుస్తన్నావేటి?" అని వీధిలో అందరి ముందూ అరిచాను. నువ్వు చెప్పును వలదారంతో పాదానికి బిగించుకున్నావు.

నారాయణమ్మ

ఆసుపత్రిలో ఆ ముడి విప్పింది నేనే. కింద చర్మం తెగి ఉంది, పాదం మొద్దుబారి నీకు తెలియనేలేదు. నేను అరిచిన రోజే నన్ను ఒక్క మాట అనాల్సింది మావా.