వేడినీళ్ల బకెట్

కార్లిస్,
జనవరి 1979

ప్రియమైన అక్కా,

మా డ్వెయిన్‌ని మీ హెబ్డెన్ ఐస్ హాకీ జట్టుకి ఇచ్చేశారు. బదులుగా మీవాళ్లిద్దరిని తెచ్చుకున్నారు. తాతల నాటి నుంచి గిట్టని ఊళ్లు మనవి, పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఇప్పుడు మీ చొక్కా తొడుక్కోవాలి. పొరుగూరి ఆటగాళ్లని ఎవరో ఒకరింట్లో ఉంచుతారు కదా, పెద్దమ్మ ఇల్లుండగా వేరే ఇల్లెందుకని నేనే అడిగాను. మేడ మీద గది ఖాళీ చెయ్యి. క్యాబేజీ చుట్టలు ఎన్ని పెట్టినా ఇంకా ఉన్నాయా అంటాడు, జాగ్రత్త.

ఎందుకిచ్చారో ఎవరూ చెప్పడం లేదు. రెండేళ్లుగా వాడు ఈ ఊరికి ముద్దుబిడ్డ. ఆట కోసం కాదు, పిడికిళ్ల కోసం. కోచ్ భుజం తట్టగానే గ్లోవ్స్ విసిరేసి అవతలివాడితో కలబడాలి, జనం లేచి కేకలెయ్యాలి. మాంసం కొట్టాయన "మీవాడి దెబ్బంటే దెబ్బేనమ్మా" అని సూపు ఎముకలు ఊరికే ఇచ్చేవాడు. ఇప్పుడు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు.

మా ఆయన మైరాన్ సంగతి నీకు తెలిసిందే. ఆట ఆడే రింకులో మంచు చూసుకునే పనిలో చేరాక మాటలు తగ్గించాడు, ఈ శీతాకాలం పూర్తిగా మానేశాడు. ఆట ఉన్న రోజున ఇంటికొచ్చి ముద్ద ముట్టడు. పిల్లాడు సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే షెడ్డులోంచి బయటికైనా రాలేదు. నాకు ఓపిక అయిపోయింది. వాడిని చూసుకో.

నీ చెల్లెలు,
స్టెఫీ

*

హెబ్డెన్,
జనవరి చివర

ప్రియమైన స్టెఫీ,

నీ కొడుకు నా బంగాళాదుంపల గోతాం సగం చేశాడు. దానికేం గానీ, వాడి కుడిచెయ్యి ఎప్పుడైనా సరిగ్గా చూశావటే? వేళ్ల కణుపులన్నీ వాచి కలిసిపోయాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేక మెట్ల మీద కూర్చుని తంటాలు పడుతున్నాడు. నేను పెడుతుంటే సిగ్గుపడ్డాడు. "నీ చిన్నప్పుడు లాగులు కూడా నేనే తొడిగానురా, ఊరుకో" అన్నాను.

డాక్టరు చూశాడు. ఇంకొక్కసారి విరిగితే ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచలేడట. మా కోచ్ మాత్రం మొదటి రోజే చెప్పాడట, "నీ పిడికిళ్లతో నాకు పన్లేదు, ఆడు చాలు" అని. మావాళ్లకి అంత బుద్ధి ఎప్పుడొచ్చిందో నాకూ అర్థం కాలేదు.

అసలు విషయం ఇది. ఫిబ్రవరిలో మీ ఊళ్లో ఆట ఉంది కదా. మీ జట్టులో కొట్లాటలకి దిగే ఆ కోజాక్‌ని మొదటి నిమిషంలోనే కొడతానంటున్నాడు. ఎందుకురా అంటే, "నాన్న నాతో ఒక్క మాట కూడా అనలేదు పెద్దమ్మా. పారిపోయానని అనుకుంటున్నాడేమో. చూస్తాడుగా" అన్నాడు. కోచ్ మాట వినడు, నా మాట వినడు. మా మరిదికి చెప్పు. ఫోన్ చేసి ఒక్క మాట చెబితే చెయ్యి మిగులుతుంది.

నీ అక్క,
నెట్టీ

*

కార్లిస్,
ఫిబ్రవరి మొదట్లో

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం మైరాన్‌కి చదివి వినిపించాను. అంతా విని "ఏ చెయ్యి?" అన్నాడు. కుడిది అన్నాను. లేచి వెళ్లి, పొద్దుట తానే ఎత్తిపోసిన దారిలో మళ్లీ మంచు ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. ఫోన్ ముట్టుకోలేదు. కిటికీలోంచి చూస్తూ గట్టిగా ఏడ్చాను, ఆ మనిషికి వినపడాలనే.

రింకు తలుపు మీద ద్రోహి అని వాడి పేరు రాసి అంటించారు. రోజూ ఆ తలుపు తీసేది మైరానే. కాగితం చింపలేదు కూడా. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఈ మనిషి నాకు తెలియలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆట రోజు నువ్వూ రా అక్కా. వాడి పక్కన ఒక్కరైనా ఉండాలి.

స్టెఫీ

*

హెబ్డెన్,
శుక్రవారం

ప్రియమైన స్టెఫీ,

ఈ ఉత్తరం మీవాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నా తుంటి నొప్పి మళ్లీ తిరగబెట్టింది, ఆ బస్సులో కూర్చోలేను. వాడు చేతిగడియారం తీసి నా సొరుగులో పెట్టాడు. కొట్టుకునే రోజున పెట్టుకోడట. ఆపలేకపోయాను, క్షమించు.

నెట్టీ

*

కార్లిస్,
సోమవారం

ప్రియమైన అక్కా,

మీవాళ్లు ఓడిపోయారు. ముందు అది చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా రాయవచ్చు.

ఊరంతా రింకులోనే ఉంది. డ్వెయిన్ మంచు మీదికి రాగానే గోల. నేను వెనక వరసల్లో కూర్చోలేక, మంచు చదును చేసే బండి వచ్చే గేటు దగ్గర మైరాన్ పక్కన నిలబడ్డాను. ఎప్పటిలాగే ఆయన చేతిలో గీకే పార, కాళ్ల దగ్గర వేడినీళ్ల బకెట్. ఎవరైనా కొట్టుకుంటే ఆ తర్వాత వెళ్లి రక్తం గీకి, నీళ్లు పోసి, మంచు తెల్లగా చెయ్యడం ఆయన పని. ఇన్నేళ్లూ చూస్తూ కూడా, అందులో ఎంత రక్తం మావాడిదో నేను ఆలోచించలేదు.

కోజాక్ సరిగ్గా మా ముందుకే వచ్చి గ్లోవ్స్ పారేశాడు. "రారా పిరికోడా, మీ పెద్దమ్మ పంపలేదా?" అన్నాడు. జనం "కొట్టు, కొట్టు" అంటున్నారు. మన డ్వెయిన్ కుడి గ్లోవ్ సగం జార్చి, గేటు వైపు తండ్రిని చూశాడు.

మైరాన్ పార గోడకి ఆనించాడు. బకెట్ అక్కడే నేల మీద కుమ్మరించేశాడు. దాన్ని బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "ఇంక నావల్ల కాదురా," అని అరిచాడు. "నీ రక్తం నేను గీకలేనురా నాయనా. ఆడుకో."

ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. డ్వెయిన్ గ్లోవ్ పైకి లాక్కున్నాడు. కోజాక్ మావాడి హెల్మెట్ మీద ఒకటి గుద్దాడు, రిఫరీలు ఆ కోజాక్‌ని లాక్కుపోయారు. పిరికోడు, పిరికోడు అని ఊరు ఊరంతా అరిచింది. మావాడు చివరిదాకా ఆడాడు. బాగా ఆడాడు అక్కా, వాడు ఆడగలడని నాకే తెలియదు.

ఆదివారం కాఫీ తాగుతూ మైరాన్ నోరు విప్పాడు. వాడిని మీకు ఇమ్మని మా కోచ్‌ని బతిమాలింది తనేనట. మీ కోచ్ దగ్గరికి వెళ్లి, వీడి చేత కొట్టించవద్దని మాట తీసుకున్నదీ తనేనట. "మరి వాడితో ఎందుకు చెప్పలేదయ్యా?" అని నిలదీశాను. "నోరు తెరిస్తే వెళ్లొద్దనేవాణ్ణి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. కానీ ఆయనకి రెండోసారి గుడ్లు వేయించాను, తిన్నాడు.

ఊరికి తెలిస్తే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ. రింకు తలుపు మీది కాగితం మాత్రం ఈ పొద్దున చింపేశాడు.

నీకు ఒక్క మాట రాయమన్నాడు, ఆయన అన్నట్టే రాస్తున్నాను: "వదినా, వాడి చెయ్యి బాగయ్యేదాకా గుండీలు నువ్వే పెట్టు. వాడు సిగ్గుపడితే, నాన్న పెట్టమన్నాడని చెప్పు."

నీ చెల్లెలు,
స్టెఫీ