వెనక గదిలో నీలం సాలెపురుగులు

జూన్ 14, శనివారం

బడికి టైమైపోతోంది. హెప్సి యూనిఫాం మేకు మీంచి తీయబోతే గౌను వెనక నుంచి దిగింది — నా అరచెయ్యంత సాలెపురుగు.

ఆళ్లగడ్డలో ఈ అద్దె ఇంటికి వచ్చి నాలుగేళ్ళు. గోడల మీద బూడిదరంగువి ఎన్ని చూడలేదు! చీపురు చూపిస్తే పోతాయి. ఇది పోలేదు. ముందు కాళ్ళు రెండూ ఎత్తి నిలబడింది. నీలం... గ్యాసు మంట నీలం. కాళ్ళ కింద పసుపు పట్టీలు. చీపురు ఎత్తేలోపు గోడ మీద లేదు. వెనక గది తలుపు సందులోకి పోయింది.

హెప్సి ఏడవలేదు. "అమ్మా, అది మనల్ని చూసింది" అంది. ఏడేళ్ళ పిల్ల.

జూన్ 15, ఆదివారం

పోయిన వారమే వెనక గదిలో ఈయన కట్టె వేశారు. నంద్యాలలో ఈయన పాత కలప అంగడి షెడ్డు కారుతోందని, పదిరోజులు ఇక్కడ ఉంచుతానని. పాత ఇళ్ళు పీకినప్పటి దూలాలట.

ఈరోజు టార్చి వేసి చూశాను. దుంగలు. పెద్ద పెద్ద తొర్రలు. బెరడు కూడా ఊడలేదు.

ఇంటి దూలానికి బెరడు ఎక్కడిది?

అడగలేదు.

జూన్ 17, మంగళవారం

ఇంకొకటి. వంటింట్లో బియ్యం డబ్బా వెనక. మూత పెట్టి పారిపోయాను, వంట లేదు. హోటల్ ఇడ్లీ.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం స్టాఫ్ రూములో లింగమయ్యన్నకు చెప్పాను. మా బడి అటెండరు, నల్లమల గూడెంలో పుట్టినవాడు. నీలం అనగానే గ్లాసు కింద పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. బియ్యం డబ్బా జరిపి, పురుగు మీద టిఫిన్ డబ్బా బోర్లించి, కింద నుంచి పరీక్ష అట్ట దూర్చి, మూత పెట్టేశాడు. కరిస్తే పెద్ద మనిషి కూడా మూడు నాలుగు రోజులు మెలికలు తిరుగుతాడట. చంపొద్దన్నాడు. ఆదివారం గూడేనికి పోయేటప్పుడు అడవిలో వదిలేస్తానన్నాడు.

వెనక గది గడప దగ్గరే ఆగిపోయాడు. దుంగల వైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఇండ్లలోకి వచ్చేది కాదు మేడమ్. చెట్టు తొర్రలోనే పుట్టి ఆడనే చస్తాది. చెట్టునే ఎవురో ఇంట్లోకి తెచ్చినారు."

టీ పెడతానంటే వద్దన్నాడు. డబ్బా చంకలో పెట్టుకుని వీధిలో నడిచి పోతుంటే అరుగుల మీద ఆడవాళ్ళంతా ఏమిటది అని అడిగారు. మూత మీద చెయ్యి తీయకుండానే నవ్వుతూ జవాబు చెప్పాడు.

జూన్ 19, గురువారం

ఈయనకు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోపం లేదు. ఎంత పెద్దది, ఏ రంగు, కాళ్ళ కింద పసుపు ఉందా, లింగమయ్య ఏమన్నాడు — ఒక్కొక్కటే అడిగారు. పోలీసు అడిగినట్టు. నెట్‌లో ఏవో బొమ్మలు చూపించి "ఇదేనా?" అన్నారు. ఇదే.

ఫోను తీసుకుని మిద్దె మీదికి పోయారు. అన్నం చల్లారిపోయింది.

జూన్ 21, శనివారం

అంగడికి పోలేదు. పొద్దంతా వెనక గదిలోనే. ఊరగాయ ప్లాస్టిక్ డబ్బాలు కొనుక్కొచ్చారు, మూతలకు సన్నని బెజ్జాలు వేశారు. దుంగల తొర్రల్లోకి పొగ పెడుతున్నారు. హెప్సిని తీసుకుని పక్కవీధి మేరీ టీచరు ఇంట్లో కూర్చున్నాను. ఇల్లు కడుగుతున్నామని చెప్పాను.

జూన్ 23, సోమవారం

వెనక గదికి తాళం. తాళంచెవి ఈయన మొలతాడుకు.

ఎన్ని ఉన్నాయి అంటే ఏడు అన్నారు. బొద్దింకలు పట్టుకొచ్చి వేస్తున్నారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇంట్లో ఒక పురుగును పట్టిన మనిషి కాదు.

జూన్ 26, గురువారం

సాయంత్రం తెల్ల కారు. మాస్కు, చేతులకు తొడుగులు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. తెలుగు వచ్చీరానట్టు. వెనక గదిలో ఇద్దరి మాటలు తలుపు బయటికి ముక్కలు ముక్కలుగా... ఆడది ఏది... గుడ్ల సంచి ఉంటే ఇంకా మంచిది... చచ్చినవి కొనను.

పోయేటప్పుడు హెప్సి తల నిమిరి ఏ క్లాసు అన్నాడు. తొడుగులు తీయకుండానే. పిల్ల తలను నేను సబ్బుతో రెండుసార్లు కడిగాను.

అవి తీసేయమని ఈయనను అడిగాను. అటవీశాఖ వాళ్ళకు తెలిస్తే? పిల్లను కరిస్తే?

"నాలుగు దినాలు కరుణా. సోమారం వచ్చి తీస్కపోతాడు. అంతవరకు నోరు మూసుకో, చాలు."

ఆ మాట అనే ముందు తలుపు దగ్గరికి వేశారు.

జూన్ 29, ఆదివారం

చర్చి. మోకరించాను. నోటికి ఏమీ రాలేదు. పక్కన ఈయన కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ...

జూన్ 30, సోమవారం

పొద్దున ఏడు. హెప్సికి జడ వేస్తున్నాను. వెనక గదిలో డబ్బా పడిన చప్పుడు, తర్వాత ఈయన అరుపు. బయటికి వచ్చి మొదట ఆ గది తలుపుకు తాళం వేశారు — ఆ తర్వాతే చెయ్యి చూసుకున్నారు. బొటనవేలి మొదట్లో రెండు గాట్లు.

పావుగంటకు చొక్కా తడిసిపోయింది. గుండె దడదడ అంటోందన్నారు. మేరీ టీచరు భర్త కారు తీశారు. వెనక సీట్లో ఈయన నా మణికట్టు పట్టుకుని అన్న మాట ఒకటే:

"తేలు అని చెప్పు. ఎవురడిగినా తేలే."

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు అడిగారు. తేలు అన్నాను. హెప్సి నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తి నన్ను చూసింది.

జూలై 1, మంగళవారం

చెయ్యి, భుజం, మెడ... ఒక్కొక్కటీ కొయ్యలా బిగుసుకుపోతున్నాయి. పట్టు వచ్చినప్పుడల్లా మంచం ఇనుము మోగుతుంది. తేలు మందు ఇస్తున్నారు. బీపీ పడిపోతోంది. డాక్టరు మళ్ళీ వచ్చి, తేలు ఏ రంగుది తల్లీ అన్నారు. తేలుకు ఇట్లా కాదే అన్నారు.

ఎర్రది అన్నాను.

ఎర్రది అట.

జూలై 2, బుధవారం

తెల్లారి ఈయన దవడ బిగుసుకుపోయింది. నీళ్ళు కూడా స్పూనుతో పోయాలి. నిజం చెప్పేస్తానంటే కళ్ళతోనే 'వద్దు' అంటున్నారు.

హెప్సి మేరీ టీచరు ఇంట్లోనే ఉంది. ఈయనను చూస్తుండమని వార్డు నర్సుకు చెప్పి మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వచ్చాను. రోకలితో తాళం పగలగొట్టాను. గదిలో డబ్బాలు ఏడు. ఆరింటిలో ఉన్నాయి. సోమవారం వస్తానన్న తెల్ల కారు వచ్చినట్టు లేదు. ఏడోది మూత ఊడి నేల మీద.

లోపలికి పోలేదు. గుమ్మం నుంచే చెయ్యి చాపి దగ్గర్లోని డబ్బా ఒకటి అందుకున్నాను. తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కాను.

మళ్ళీ బస్సు. డబ్బా లంచ్ సంచిలో, సంచి ఒళ్ళో. కుదుపు వచ్చినప్పుడల్లా లోపల గోకుతున్న చప్పుడు నా తొడకు తెలుస్తోంది. పక్కన కూర్చున్న ముసలామె, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు, ఏందమ్మా అది అంది. పచ్చడి అన్నాను. ఏం పచ్చడి అంది. గోంగూర. నంద్యాల వచ్చేదాకా ఆమె గోంగూర గురించే మాట్లాడింది. నేను ఊఁ కొట్టాను.

డాక్టరు టేబుల్ మీద పెట్టి మూత మీద చెయ్యి ఉంచి చెప్పాను. తేలు కాదు సార్, ఇది.

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. తిట్టలేదు. మొదటిరోజే చెప్పాల్సింది అన్నారు, అంతే. ఎవరికో ఫోను చేసి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి మందులు మార్చారు. చుట్టూ నర్సులు. ఎవరి చేతిలో చూసినా ఫోను, ఫోటోలు.

సాయంత్రానికి దవడ వదిలింది.

జూలై 3, గురువారం

మాట వచ్చింది. మొదటి మాట — "ఎంతమంది చూసినారు?"

జూలై 4, శుక్రవారం

అటవీశాఖ వాళ్ళు. ఆళ్లగడ్డ ఇంటికి నన్నూ తీసుకుపోయారు. డబ్బాలు, దుంగలు అన్నీ బండికెక్కించారు. దుంగలకు కాగితాలు లేవు. ఇంత అరుదైనవి మన అడవిలో తప్ప ఎక్కడా లేవమ్మా, ఎట్లా మనసొప్పింది అన్నాడు ఒక కుర్ర ఆఫీసరు. ఊడిపోయిన డబ్బాలోది దొరకలేదు. సున్నం గోడ పగుళ్ళన్నీ టార్చితో వెతికారు. లేదు.

సోమవారం పదింటికి నంద్యాల ఆఫీసుకు వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వాలట.

హెప్సి, నేను మేరీ టీచరు ఇంట్లో. పరుపు దులిపి, దిండు దులిపి, చెప్పులు దులిపి...

జూలై 5, శనివారం

ఆసుపత్రి. ఈయన లేచి కూర్చున్నారు. చెయ్యి ఇంకా వణుకుతోంది. నన్ను మంచం మీద దగ్గరగా కూర్చోబెట్టుకున్నారు. చాలా రోజులకు ఇంత దగ్గరగా.

నిన్న ఆఫీసర్లు వచ్చి పోయారట. ఈయన వాళ్ళకు చెప్పేశారట.

"లింగమయ్య తెచ్చి పెట్టినాడని చెప్పినా. కట్టె వానిదే, పురుగులూ వానివే, మనం గది బాడుగకిచ్చినాం. వాడు డబ్బాతో పోతాంటే వీధంతా చూడల్యా? నువ్వూ అదే చెప్పాల."

ఆ మనిషి నా మాట మీద ఇంటికి వచ్చినవాడు, నా పిల్ల కోసం ఆ పురుగును పట్టినవాడు అన్నాను.

"వాడు అడివోడు. రెండు దినాలు కూర్చోబెట్టి ఇడ్సిపెడ్తారు. నేనైతే జైలుకే. పో, హెప్సిని అడుగు — నాయన కావాల్నా, వద్దా అని."

పక్క మంచం వాళ్ళు చూస్తున్నారు. ఈయన నా చెయ్యి నిమురుతూనే ఉన్నారు.

లింగమయ్యన్నకు ఉన్నది ఆ అటెండరు ఉద్యోగం ఒక్కటే. కేసు అంటే ముందు పోయేది అదే. రెండు రోజుల్లో వదిలేస్తారని ఈయనకు ఎవరు చెప్పారు?

జూలై 6, ఆదివారం

చర్చికి పోలేదు. జ్వరం అని చెప్పాను. ఈ వారంలో ఎన్ని చెప్పానో.

మధ్యాహ్నం హెప్సి పలక మీద ఏదో గీస్తూ, తల ఎత్తకుండా, "డాక్టరుకు తేలు అని నువ్వెందుకు చెప్పినావ్?" అంది.

నాయన చెప్పమన్నాడు అన్నాను.

"నాయన చెప్పమంటే చెప్పాల్నా?"

ఆకలేస్తుందా అని అడిగాను.

జూలై 7, సోమవారం

ఆఫీసు బయట బెంచీ మీద రాస్తున్నాను. పదీ పది.

నాకన్నా ముందే లింగమయ్యన్న వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి లేచి, బెంచీ తుడిచి, జరిగి చోటిచ్చాడు. హెడ్మాస్టరు కాగితం ఇచ్చి పొమ్మన్నారట, ఎందుకో ఆయనకూ తెలియదట. ఆ పురుగు ఎట్లాంటిదో వీళ్ళు తనను అడుగుతారేమో అనుకుంటున్నాడు. ఆ ఆదివారమే గూడెం దాటి ఒక పాత చెట్టు చూసి దాన్ని వదిలాడట. తొర్రలోకి పోయేదాకా నిలబడి చూశాడట.

ఈయన చెయ్యి ఎట్లా ఉందని అడిగాడు. తిమ్మిరి ఉంటే ఇంకో వారం ఉంటుంది, భయం లేదన్నాడు.

చెప్పాలి. ఇప్పుడే, ఇక్కడే చెప్పాలి. పెన్ను మూత తీస్తున్నాను, పెడుతున్నాను. నా చేతులు చూసి ఆయన అన్నాడు:

"అంత భయమెందుకు మేడమ్, మనమేం చేసినాం? చూసింది చెప్తాం, పోతాం."

లోపల నుంచి పిలుపు. ఆయన పేరు.

లేచి చొక్కా సర్దుకున్నాడు. అన్నం సంచి తెచ్చి నా పక్కన పెట్టి, కాస్త చూస్తూ ఉండమన్నాడు. చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. తలుపు మూశారు.

తర్వాత నన్నే పిలుస్తారు.

లోపల మొదట మామూలు గొంతులు. ఇప్పుడు ఒకటే గొంతు, పెద్దగా... ఆయనది కాదు. ఆయనది వినపడటం లేదు.